పచ్చి మాంసంలో మందులకు లొంగని సూక్ష్మజీవులు

ఆరోగ్యంగా ఉన్న కోళ్లు, మేకలు, గొర్రెల ప్రేగులలో సైతం ఈ.కోలై వంటి బాక్టీరియా ఉంటుంది. సాల్మొనెల్లా కూడా ఉండవచ్చు. కండరం లోపల ఇవి సాధారణంగా కనిపించవు. వధ అనంతరం ప్రేగులు తెగినప్పుడు, ఈకలు తీసే యంత్రంలో ఒకదాని వెంట ఒక కోడిని వేసినప్పుడు, రోజంతా అదే మొద్దు, అదే కత్తి, అదే బకెట్టు నీరు వాడినప్పుడు మాంసం ఉపరితలానికి చేరుతాయి. కైమాలో అయితే లోపలికీ కలిసిపోతాయి. అనుకూల ఉష్ణోగ్రతలో ఈ.కోలై సుమారు 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. ఉదయం వ్రేలాడదీసిన మాంసాన్ని మధ్యాహ్నం వరకు ఎండవేడిలో ఉంచి విక్రయించడం ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఈ కాలుష్యం పాత సమస్యే. దానికి యాంటీబయాటిక్ నిరోధకత తోడవడమే ఆందోళన కలిగిస్తున్నది. త్వరగా బరువు పెరగాలని, వ్యాధి రాకముందే నివారించాలని మేతలో తక్కువ మోతాదులో మందులు కలిపితే, బలహీనమైన బాక్టీరియా నశించి మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి.

ఇందుకు కొలిస్టిన్ ఉదంతం చక్కని నిదర్శనం. ఇతర మందులు విఫలమైనప్పుడు వైద్యులు ఆశ్రయించే ఔషధమిది. దీనిని నిర్వీర్యం చేసే ఎంసీఆర్-1 అనే జన్యువును గుర్తించినట్లు చైనా శాస్త్రవేత్తలు 2015 నవంబరులో వెల్లడించారు. 523 పచ్చి మాంసం నమూనాలలో 78, జంతువుల నుండి తీసిన 804 నమూనాలలో 166, ఆసుపత్రి రోగుల నుండి తీసిన 1,322 నమూనాలలో 16 ఈ జన్యువు గల ఈ.కోలైని కలిగియున్నట్లు తేలింది. ఈ జన్యువు ఒక బాక్టీరియా నుండి మరొక దానికి సులువుగా బదిలీ కాగలదు. ఆహారానికై పెంచే పశువులు, కోళ్లు, చేపల పెంపకంలోను, దాణాలోను కొలిస్టిన్ వాడకానికై తయారీ, విక్రయం, పంపిణీలను కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది.

వార్తలలో తరచు కలగాపులగమయ్యే విషయం ఒకటున్నది. మాంసంలో మందు అవశేషం ఉండడం వేరు, మందుకు లొంగని బాక్టీరియా ఉండడం వేరు. అవశేషాల పరీక్షలో నెగ్గిన మాంసంలో సైతం నిరోధక బాక్టీరియా ఉండవచ్చు. అయితే మందుకు లొంగనిది వేడికి కూడా లొంగదనుకోవడం పొరపాటు. ముక్క లోపలి భాగం 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా ఉడికిస్తే ఇవి నశిస్తాయి. కనుక మాంసం తినవద్దని చెప్పనవసరం లేదు. అసలు ముప్పు ఉడికిన కూరలో కన్నా, పచ్చి మాంసం కోసిన పీట మీదనే తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీరలలో ఎక్కువ. కోడిమాంసాన్ని కుళాయి ధార క్రింద కడగడం వల్ల తుంపరలతో బాక్టీరియా చుట్టుప్రక్కల పాత్రలకు వ్యాపిస్తుంది.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం చిన్న దుకాణదారులు కూడా రిజిస్ట్రేషన్ పొందవలసియున్నది. తనిఖీకి వెళ్లే అధికారులు ధ్రువపత్రంతోనే సరిపెట్టుకొనక, కుళాయి నీరు, చేతులు కడుగుకొనే సబ్బు, ప్రేగులు తీయడానికి వేరు బల్ల, 5 డిగ్రీల లోపు శీతలీకరణ ఉన్నవో లేదో పరిశీలించాలి. రోజంతా పచ్చి మాంసాన్ని తాకేది కత్తి పట్టిన కార్మికుడే గనుక, అందరికన్నా ముందు రక్షణ అవసరమైనది అతనికే.