జపాను పాతబట్టలు – మన నేతవారి చూపు

భూదాన్ పోచంపల్లిలోనో పుట్టపాకలోనో చిటికి నేతయందు చేయి తిరిగిన వానికి జపానునుండి వచ్చిన పాత నూలు కిమోనో నొకదానిని అందించినచో, నీలిపై తెల్లని నమూనాల అంచులు ఇంచుక చెదరియుండుట చూచినంతనే, నేయుటకు ముందే నూలునకు ముడులు బిగించి రంగులో ముంచినారని అతడు పసిగట్టగలడు. ఈ నేతను జపానీయులు కసురి అందురు. క్యూషూ ద్వీపమందలి కురుమె కసురికి ఆద్యురాలైన ఇనోఉఎ దెన్ 1788లో జన్మించినది. పసితనముననే, వెలసిన బట్టపై ఏర్పడిన తెల్లని మచ్చలను పరిశీలించి ఆమె ఈ పద్ధతిని కనుగొనెనని చెప్పుకొందురు. మనవారు సైకిలు ట్యూబు రబ్బరుతో కట్టు ముడులను అచట నారతో కట్టుచుండిరి; ఓర్పు మాత్రము ఇరువురకు నొక్కటే.

కిమోనో నేడు చాలవరకు వివాహాది శుభకార్యములకే పరిమితమైనందున, తల్లుల పెట్టెలలోనివి బిడ్డల కక్కరకురాక అంగళ్లకు చేరుచున్నవి. క్యోటో నగరమున తోజి ఆలయము చెంత ప్రతినెల 21వ తేదీని, కితానో తెన్మంగూ గుడి చెంత 25వ తేదీని జరుగు సంతలలో అట్టివి విరివిగా దొరకును. కొనువారు బట్టను తిరగవేసి చూడవలెను: నూలులోనే పుట్టిన నమూనా ఇరుప్రక్కల సమముగా కనబడును, పైనద్దిన అచ్చు వెనుక వెలవెలబోవును. అయితే మెయిసెన్ అను పట్టురకములో పడుగుపైననే అచ్చువేసి పిదప నేయుదురు గనుక, ఈ పరీక్ష దానియెడ పనికిరాదు.

కిమోనో గుడ్డ వెడల్పు సుమారు 36 సెంటీమీటర్లే; 12 మీటర్ల తానునొకదానిని నిలువుముక్కలుగా కోసి కుట్టుదురు. కుట్లు విప్పినచో గుడ్డ దాదాపు యథాతథముగా చేతికి వచ్చును. ఉతుకుటకై జపానీయులు పూర్వము ఆ పనియే చేయుచుండిరి. కావున పొట్టివారికై కుట్టినది మనకు చాలదని విచారింప నక్కరలేదు. గుడ్డను పాడుచేయక విప్పి తిరిగి కుట్టగల దర్జీ దొరకినచో చాలును.

ఇక చిక్కంతయు తెప్పించుటలోనే యున్నది. ధరించిన వస్త్రముల దిగుమతి మన దేశమున నియంత్రితము. లైసెన్సులేక మూటలు రప్పింపరాదు. కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలమునకు వచ్చు విదేశీ పాతబట్టలును చాలవరకు వేరుచేయబడి తిరిగి ఎగుమతియగుచున్నవి. కావున వ్యాపారపు టాలోచన మాని, టోక్యోలో ఉద్యోగము చేయు బంధువెవరైన సెలవులకు వచ్చునపుడు తన సామానుతో ఒకటి రెండు తెమ్మని కోరుటయే, నా యభిప్రాయమున, సుకరమైన మార్గము. పార్సెలుగా రప్పించువారు సుంకమునకును, సుంకపు అధికారుల ప్రశ్నలకును సిద్ధపడవలెను.