గుట్ట మీది పరుగు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో తెల్లవారుజామున ఆటస్థలములకు పోయి చూచినచో పరుగెత్తు యువతీయువకులు పలువురు కనబడుదురు. వారిలో చాలమంది పోలీసు ఉద్యోగములకు సాధన చేయువారు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను ముగింపవలసియుండెను. నెలల తరబడి గడియారముతో పోరాడినవారు ఫలితములు వెలువడిన మరునాడే పరుగు మానివేయుట మనము చూచుచునే యున్నాము. ఉద్యోగము వచ్చినవానికి తీరిక లేదు. రానివానికి ఆ మైదానమును చూచిననే చేదు. ఇంత శ్రమపడి సంపాదించుకొన్న ఊపిరిని, కాలిబలమును ఒక్క పరీక్షతో పారవేసికొనుట న్యాయమా? ఉద్యోగముతోగాని, బహుమతితోగాని సంబంధము లేని పరుగు ఒకటి కలదు. దానిని గూర్చియే ఇక్కడ కొంత వివరింపదలచితిమి.

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున కంబ్రియా అను సీమ యున్నది. అచ్చట కొండను 'ఫెల్' అందురు. ప్రాచీన నార్సు భాషనుండి వచ్చిన మాట అది. మన ప్రాంతమువారు 'గుట్ట' అన్నట్లే వారు ఆ మాటను వాడుదురు. ఆ గుట్టలమీద పరుగెత్తుట అక్కడివారికి తరతరముల వేడుక. వివిధ వృత్తులవారు ఊరూర సంఘములుగా చేరి సెలవుదినములలో పరుగెత్తుదురు. చదునుచేసిన బాట యుండదు. ఏ పక్కనుండి ఎక్కవలెనో, ఏ రాతిమీద అడుగు మోపవలెనో పరుగెత్తువాడే నిర్ణయించుకొనవలెను.

1932 జూన్ నెలలో కెజిక్ పట్టణమున అతిథిగృహము నడుపుకొనుచుండిన బాబ్ గ్రాహమ్ అనునతడు 24 గంటలు నిండకముందే 42 శిఖరములు ఎక్కి దిగి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చెను. ఆ దారి సుమారు 106 కిలోమీటర్లు. అతడు ఎక్కిన ఎత్తులన్నియు కూడినచో దాదాపు 8,200 మీటర్లగును. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లని తలచుకొన్నచో ఆ శ్రమ యెంతటిదో తెలియును. 1971లో ఆయన పేరిట ఒక సంఘము ఏర్పడినది. ఆ చుట్టును 24 గంటలలో పూర్తిచేయుటయే అందులో చేరుటకు అర్హత. ధనమాశించి ఆ పని చేయువాడు లేడు.

ఇది శీతలదేశపు సంగతి, మనకేల యని కొందరనవచ్చును. కాని గుట్ట ఎక్కుట మనకు క్రొత్త కాదు. జగిత్యాల సమీపమున కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి దీక్ష పూనినవారు ఊళ్లనుండి కాలినడకన వత్తురు. సిరిసిల్ల వారికి వేములవాడ దగ్గరి నాంపల్లి గుట్ట చిరపరిచితము. ఇరుగుపొరుగు నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామపు బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమును చేరినపుడు ఆమె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఖమ్మం ప్రాంతమునకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతోపాటు శిఖరమును చేరెను. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివినవారే. వారు రాతిని ఎక్కుటకు తొలిపాఠములు నేర్చినది భువనగిరి కోట గుట్టపైన. మంచుకొండకు తొలిమెట్టు మన రాతిగుట్టయే యైనది.

మైదానమున బాగుగా పరుగెత్తువాడు మొదటిసారి గుట్ట ఎక్కునపుడు కొద్దిసేపటికే ఆయాసపడి నిలిచిపోవును. దానికి కారణము సులభముగా తెలియును. చదునునేలపై మన బరువును ముందుకు మాత్రమే నడిపింతుము. ఎక్కునపుడు ఆ బరువునంతను పైకి మోయవలెను. పిక్కలు, తొడలు, పిరుదుల కండరములు ముడుచుకొనుచు ఆ పని చేయును. గుండె వేగము వెంటనే హెచ్చును.

దిగుట సుఖమని పలువురి భ్రమ. దిగునపుడు ఊపిరికి సుఖమే, తొడలకు కాదు. పడిపోకుండ శరీరమును ఆపుటకై తొడ ముందుభాగపు కండరములు సాగుచునే బరువు పట్టవలసి వచ్చును. దానివలన కండరపు పోగులలో సూక్ష్మమైన దెబ్బలు కలుగును. నొప్పి ఆనాడు తెలియదు. మరునాడో, మూడవనాడో మెట్లు దిగునపుడు తెలియును. అయితే కొన్నాళ్లకు అదే గుట్టను మరల దిగినచో నొప్పి చాలవరకు తగ్గియుండును. శరీరము ఒక్కమారుతోనే పాఠము నేర్చుకొనును. కావున తొలిసారి చిన్నగుట్టను, చిన్న అడుగులతో దిగుట మేలు.

ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు కొండలలో పరుగెత్తువారిని పరీక్షించి 2002లో ఫలితములు ప్రకటించిరి. 100 మీటర్లకు 20 మీటర్లు దిగు వాలున పరుగునకు ఖర్చగు శక్తి అతితక్కువ. అంతకంటె నిటారుగ దిగినచో మరల హెచ్చును. ఆగుటకును శక్తి కావలెనని దీని యర్థము.

మిక్కిలి నిటారైన చోట ఆరితేరినవారు సైతము పరుగు మాని చేతులు మోకాళ్లపై మోపి నడతురు. అట్టిచోట నడకయే తక్కువ ఖర్చు. మైదానమున నడచినవాడు ఓడినవాడు. గుట్టమీద నడచుట తెలిసినవాడే నేర్పరి. నడకకు పట్టు కాలమును అంచనా వేయుటకు 1892లో స్కాట్లండునకు చెందిన విలియం నైస్మిత్ ఒక లెక్క చెప్పెను. దానిని మన కొలతలలో చెప్పుకొన్నచో, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట. ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరియొక గంట. 10 కిలోమీటర్ల దారిలో 200 మీటర్లు ఎక్కవలసియున్నచో 2 గంటల 20 నిమిషములు. ఎండ ముదురకముందే ఇల్లు చేరగలమో లేదో ఈ లెక్కతో బయలుదేరకముందే తెలిసికొనవచ్చును.

ఎండయే మన గుట్టలకు అసలు పరీక్ష. ఇంగ్లండులో పందెమునకు పోవువాడు వానకోటు, పటము, దిక్సూచి, ఈల వెంట తీసికొనిపోవలెను. అచ్చటి భయము చలి, పొగమంచు. మనకు కావలసినవి నీరు, చిటికెడు ఉప్పు, తలకు గుడ్డ, రెండు పల్లీపట్టీలు. వేసవిలో రాతిగుట్ట పగలు వేడిని పీల్చుకొని ప్రొద్దుగ్రుంకిన తరువాత కూడ సెగ చిమ్ముచుండును. ఎండకు శరీరము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. తోడివాడు తడబడుచు, పొంతనలేని మాటలాడినచో అది అలసట యనుకొనరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, విసరుచు, 108కి కబురు చేయవలెను. ఎలుగుబంట్లు తిరుగు గుట్టలు మన ప్రాంతమున కలవు. మసక వెలుతురులో ఒంటరిగా పోరాదు. పోవు దారి ఇంటిలో చెప్పి పోవలెను.

ఇన్ని జాగ్రత్తల నడుమ ఆనందమెక్కడనని అడుగుదురేమో. మరమగ్గముల మోతలో గంటల తరబడి నిలుచుండి పనిచేయువాడు గుట్ట నెక్కి, తన ఊపిరి చప్పుడు తప్ప వేరేమియు వినబడని చోట నిలుచున్నపుడు దానిని ఎవరును చెప్పనక్కరలేదు. ఫాల్గుణమున మోదుగుపూలు, దసరా దాటిన పిదప పొదలలో సీతాఫలములు, వానలు కురిసిన యేట క్రింద నిండిన చెరువులు, వరిమళ్లు దారిపొడుగున పలుకరించును. ప్రతి పరుగును క్రొత్తదే. ఒక వాన పడినచో నిన్నటి దారి నేడు లేదు. గడియారము ఇక్కడ చిన్నబోవును.

ఈ పట్టణములలో నలుగురైదుగురు కలిసి నెలకు రెండు ఆదివారములు గుట్టకు పోవుట కష్టమైన పని కాదు. పరీక్షలో తప్పినవానిని తప్పక పిలువవలెను. వాని కాళ్లలో బలము చెక్కుచెదరలేదు. నెమ్మదిగా వచ్చువానితో కలిసి నడచుట, ఎండ ముదిరినచో శిఖరము ఇంక పది నిమిషములే యున్నను వెనుదిరుగుట, ఈ రెండును నియమములుగా పెట్టుకొన్నచో చాలును. ఎవరి పేరు జాబితాలో నున్నదో, ఎవరి పేరు లేదో గుట్ట అడుగదు.