జనం పేరిట పార్టీలు: తిరుపతి నుంచి రోమ్ దాకా

కొండ దిగి బజుల్లా రోడ్డుకు: ఒకప్పుడు తిరుమల యాత్రికుల బస్సులు మద్రాసు వెళ్లి టి.నగర్ బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో స్వామి వేషం ఆయనదే మరి. 1983లో తిరుపతి ఆయన్ని ఎమ్మెల్యేను చేసింది. గుడివాడలోనూ గెలిచారు.

వేగం: ఎన్టీఆర్ పార్టీ తెలుగుదేశం పుట్టింది 1982 మార్చి 29న. ఢిల్లీ పెత్తనం ఒకవైపు, తెలుగువారి ఆత్మగౌరవం మరోవైపు అన్నారు. కిలో బియ్యం రెండు రూపాయలన్నారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం. ఇటలీలో టీవీ చానెళ్ల అధిపతి బెర్లుస్కోనీ ఇంకా వేగం: 1994 జనవరిలో పార్టీ ప్రకటన, మార్చిలో కూటమి గెలుపు. డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలింది.

31 రోజులు: అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్‌ను 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, ఆ కుర్చీలో అదే పార్టీకి చెందిన నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. బలం ఎవరిదో ముందు సభలో తేల్చనే లేదు. ఎన్టీఆర్ వర్గం తన ఎమ్మెల్యేలు చేజారకుండా వారిని రామకృష్ణా స్టూడియోస్‌లో ఉంచి, తర్వాత కర్ణాటకకు తరలించారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలోనే రాష్ట్రపతి దగ్గరికి వెళ్లారు. సెప్టెంబరు 16న కొత్త గవర్నర్ శంకర్‌దయాళ్ శర్మ మళ్లీ ఆయన చేతే ప్రమాణం చేయించారు. నా లెక్కలో మన రాజకీయ ఘట్టాలన్నిటిలోకీ ఇదే గొప్పది. తమ హీరో కోసం రోడ్డెక్కిన జనం అడిగింది రాజ్యాంగం చెప్పిన పద్ధతినే.

మండలి రద్దు: అదే ఎన్టీఆర్, కాంగ్రెస్ మెజారిటీ ఉన్న శాసనమండలిని 1985లో రద్దు చేయించారు. అది నాకు నచ్చని పని. అయితే దానికైనా పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. హంగరీ నేత ఓర్బాన్‌కు ఆ అడ్డు కూడా లేకపోయింది: 2010లో మూడింట రెండొంతుల మెజారిటీ రాగానే రాజ్యాంగాన్నే మార్చేశారు. మన మండలి 2007లో తిరిగొచ్చింది.

మళ్లీ తిరుపతే: చిరంజీవి 2008 ఆగస్టు 26న ప్రజారాజ్యం ప్రకటించింది ఇక్కడే. 2009లో సొంత గోదావరి జిల్లా పాలకొల్లులో ఓడిపోతే తిరుపతి గెలిపించింది. మొత్తం 18 సీట్లు. 2011లో కాంగ్రెస్‌లో విలీనం. ఇటలీలో హాస్యనటుడు గ్రిల్లో 2009లో పెట్టిన ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ మాత్రం 2018కల్లా ఆ దేశంలో అతిపెద్ద పార్టీ అయింది.

గాలి మళ్లితే: తిరుపతి ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 2019లో వైసీపీకి 14కు 13 సీట్లు. 2024లో ఆ పార్టీకి మిగిలినవి పుంగనూరు, తంబళ్లపల్లె. ఏ గాలికీ కదలనిది కుప్పం: 1989 నుంచి వరసగా 8 సార్లు తెలుగుదేశం నేత చంద్రబాబే.