ఉదరమున పోసిన ఔషధము

క్యాన్సరు వ్యాధికి ఔషధమును సామాన్యముగా సిరలోనికి ఎక్కింతురు. అది రక్తముతో కలిసి దేహమంతయు సంచరించును. కాని జీర్ణాశయమునందో, పెద్దప్రేగునందో జనించిన క్యాన్సరు ఒక్కొక్కప్పుడు ఆ అవయవపు గోడను దాటి, ఉదరకుహరమునకు లోపొరగా ఉన్న పెరిటోనియముపై విత్తనములవలె రాలి మొలకెత్తును. ఈ పొరకును రక్తమునకును నడుమ ప్రకృతి ఒక అడ్డుగోడను నిర్మించినది. అందుచే రక్తములోని ఔషధము ఆ కణుతులను తగినంతగా చేరజాలదు.

ఈ అడ్డుగోడనే వైద్యులు అనుకూలముగా మలచుకొనిరి. ఔషధమును నేరుగా ఉదరమున పోసినచో అది అచ్చట గాఢముగా నిలిచి, రక్తములోనికి మెల్లమెల్లగా మాత్రమే చేరును. అయితే అది కణుతిలోనికి కొద్ది మిల్లీమీటర్ల లోతునకు మించి పోదు. కనుక శస్త్రవైద్యుడు మొదట కంటికి కనిపించు కణుతులనన్నిటిని తొలగించవలెను. పిమ్మట 41 నుండి 43 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసిన ఔషధద్రవమును గొట్టముల ద్వారా 30 మొదలు 90 నిమిషములు ఉదరమున ప్రవహింపజేయుదురు. దీనినే హైపెక్ అందురు. అమెరికాలో 1980లో స్ప్రాట్ బృందము దీనిని తొలిసారి వర్ణించినది; పిదప షుగర్‌బేకర్ అను శస్త్రవైద్యుడు ఈ మార్గమును ప్రచారమునకు తెచ్చెను.

ఫలితమేమి? నెదర్లాండ్సునందు 105 మంది పెద్దప్రేగు క్యాన్సరు రోగులపై జరిగిన పరిశోధన 2003లో వెలువడినది. శస్త్రచికిత్సయు వేడి ఔషధమును పొందినవారిలో సగముమంది 22 నెలలకు పైగా జీవించిరి. ప్రధానముగా సిర ద్వారా ఔషధము పొందినవారిలో ఆ కాలము సుమారు 12 నెలలే. ఈ మేలు కత్తిదా, ఔషధముదా? ఫ్రాన్సునందు 265 మంది రోగులకు కణుతులను దాదాపు పూర్తిగా తొలగించి, సగముమందికి మాత్రమే వేడి ఆక్సాలిప్లాటిన్ ఔషధమును 30 నిమిషములు ఇచ్చిరి. 2021లో ఫలితము ప్రచురితమైనది: ఒక వర్గమునకు 41.7 నెలలు, రెండవ వర్గమునకు 41.2 నెలలు. పైగా వేడి ఔషధము పొందినవారికి ఆలస్యముగా వచ్చు ఉపద్రవములు ఎక్కువైనవి. ఇతర ఔషధములకు ఈ తీర్పు వర్తింపకపోవచ్చును. అయినను కణుతులను నిశ్శేషముగా తొలగించుటయే ఈ చికిత్సకు ప్రాణమని మేము గ్రహించితిమి.

మన ఇండ్లలో ఎవరికేని ఈ వ్యాధి సోకినచో, పొలమును అమ్మియైనను కొత్త చికిత్స చేయింపవలెనని ఆరాటపడుదుము. అంతకు ముందు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగవలెను: కణుతులన్నియు తొలగింప వీలగునా? గంటల తరబడి సాగు శస్త్రచికిత్సను రోగి తట్టుకొనగలడా? వేడి ఔషధము వలన ఈ రోగికి అదనముగా కలుగు మేలేమి? మొదటిదానికే కాదని సమాధానము వచ్చినచో, ఉన్న పొలమును, మిగిలిన దినములను కాపాడుకొనుట వివేకము. సిర ద్వారా ఇచ్చు ఔషధము, బాధను తగ్గించు చికిత్స అప్పుడును ఉండనే ఉన్నవి.