వెలుగునకు, మెదడునకు నడుమ ఒక కొలువు

పరిశోధన పట్టము చేతికి వచ్చినంతమాత్రమున పరిశోధకుని విద్యాభ్యాసము ముగియదు. డాక్టరేటు పిమ్మట కొన్ని సంవత్సరములు వేరొక ప్రయోగశాలలో, వేరొక ఆచార్యునికడ పనిచేయుట విజ్ఞానలోకమున ఆచారమైనది. దీనిని పోస్ట్‌డాక్టరల్ పరిశోధన యందురు. ఇది స్థిరమైన ఉద్యోగము కాదు. గడువు తీరగానే మరల వెదకికొనవలసినదే. అయినను పరిశోధకుల భావిజీవితము పెక్కుమారులు దీనిపైననే ఆధారపడును.

ఇట్టి కొలువులలో కాంతిశాస్త్రమును, నాడీశాస్త్రమును కలుపునవి కొన్ని కలవు. ఈ రెంటికి పొత్తు ఎట్లు కుదిరినది? మానవుని మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వానిలో ఒక్క జాతి కణములను మాత్రమే వశపరచుకొని తక్కినవానిని కదపకుండు ఉపాయము కావలెనని ఫ్రాన్సిస్ క్రిక్ 1979లో సూచించెను. విద్యుత్తు తీగకు ఆ విచక్షణ లేదు; చుట్టునున్న కణములన్నింటిని కుదుపును. ఉపాయము నీటినాచులో దొరకినది. క్లామిడోమోనాస్ అను ఏకకణ శైవలమునందు వెలుగునకు స్పందించు మాంసకృత్తు కలదు. దాని జన్యువును నాడీకణములలో చేర్చి నీలికాంతి ప్రసరింపజేసినచో అవి మేల్కొనునని ఎడ్వర్డ్ బాయ్డెన్, కార్ల్ డైసెరాత్ మొదలగువారు 2005లో నిరూపించిరి. బాయ్డెన్ చదివినది భౌతికశాస్త్రము, విద్యుత్ ఇంజనీరింగు. డైసెరాత్ మానసిక వైద్యుడు. ఏ ఒక్కరి విద్యయు ఒంటరిగా చాలియుండెడిది కాదు.

కనుకనే ఇట్టి కొలువునకు దరఖాస్తు వ్రాయుట కష్టము. విద్యావివరములు, పరిశోధన ప్రణాళిక, పెద్దల సిఫారసు లేఖలు ఎల్లరును పంపుదురు. పరీక్ష యంతయు ప్రణాళికలో నున్నది. దానిని చదువువారిలో ఒకరు లేజరు నెరిగినవారు, మరియొకరు మెదడు నెరిగినవారు. "నాకు లేజరు విద్య క్షుణ్ణముగా తెలియును" అన్నచో రెండవవారికి ఒరిగినదేమి? ఎలుక మెదడులో జ్ఞాపకశక్తికి నెలవైన హిప్పోకాంపస్ ఉపరితలమునకు సుమారు ఒక మిల్లీమీటరు లోతున నున్నది. పైపొరలు కాంతిని పాలవలె చెదరగొట్టును. ఆ చెదరుటను ఇట్లు సవరింతును. అందువలన జ్ఞాపకమును గూర్చిన ఈ ప్రశ్నకు సమాధానము వెదకవచ్చును — అని వరుసగా చెప్పినచో ఇరువురకును బోధపడును. మన ఆలంకారికులు చెప్పు ఔచిత్యమిదియే.

తనకు రాని విద్యను దాచుట మరియొక దోషము. ఎలుకకు శస్త్రచికిత్స చేయుట రానిచో రాదనియే వ్రాసి, దానిని ఎవరికడ, ఎన్ని మాసములలో నేర్వదలచెనో చెప్పుట మేలు. రెండు శాస్త్రములును తెలిసినవారు అరుదని ఎంపికచేయువారికి తెలియును. వారు చూచునది నేర్చుకొను శక్తిని. భౌతిక, రసాయన శాస్త్రములనుండి జీవశాస్త్రమునకు రాదలచువారికై స్ట్రాస్‌బర్గునందలి హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ ప్రత్యేకముగా వేతనములు ఏర్పరచుటయు ఇందులకే.

ఈ శక్తికి బీజము పాఠశాలలోనే పడవలెను. కాంతి వక్రీభవనమును ఆ పాఠము చదువని తమ్మునికి తెలియునట్లు ఒక్క పుటలో తెలుగున వ్రాయుమని పదవ తరగతి విద్యార్థిని ఉపాధ్యాయులు అడిగి చూతురుగాక. అది వ్రాయగలిగినవాడు రేపు ఏ భాషలోనైనను, ఏ ప్రయోగశాలకైనను తన దరఖాస్తును తానే వ్రాసికొనగలడు.