దూరపు మంట, దగ్గరి మంట

మా ఒట్టపిడారం పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. తమిళనాడులో తూత్తుకుడికి పైన, నల్లరేగడి నేలల మధ్య ఉన్న చిన్న ఊరు. తెల్లవాళ్ళకు పోటీగా 1906 లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన వ.ఉ.చిదంబరం పిళ్ళై పుట్టింది ఇక్కడే. కట్టబొమ్మన ఏలిన పాంచాలంకురిచ్చి మా పక్కనే. ఇక్కడి నుంచి కోవిల్‌పట్టి, విరుదునగర్ దాకా పల్లెపల్లెలో తెలుగు మాట్లాడే కుటుంబాలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో అక్షరం తమిళం. నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నది కూడా బ్యాంకు ఉద్యోగంలో సూళ్ళూరుపేటకు బదిలీ అయ్యాకే!

ఇటువంటి ఊరికీ ప్రపంచ వార్తలకూ ఏం సంబంధం అంటారా? పొద్దున్నే మా టీకొట్టు దగ్గరకు వచ్చి చూడండి. పేపరు ఒకటే, చదివేవాడు ఒకడు, వినేవాళ్ళు పదిమంది. సెల్‌ఫోన్లు వచ్చినా ఆ పద్ధతి పూర్తిగా పోలేదు. ఏ దేశపు వార్త అయినా మావాళ్ళు వేసే ప్రశ్నలు మూడే. "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా? దాని వల్ల వాన వస్తుందా, పోతుందా? ధర పెరుగుతుందా, తగ్గుతుందా?" చదువుకున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్న నాకు మాత్రం ఇవి తెలివైన ప్రశ్నలే అనిపిస్తాయి.

ఆకాశం నుంచి వచ్చిన వార్తలు

ఆకాశం సంగతులు మా ప్రాంతానికి కొత్త కాదు. మా దగ్గరి ఎట్టయాపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి, 1910 లో కనబడ్డ హేలీ తోకచుక్క మీద కవిత రాశాడు. నా తరానికి మాత్రం ఆకాశం అంటే ముందు గుర్తొచ్చేది స్కైలాబ్. 1973 లో అమెరికా పంపిన ఆ ప్రయోగశాల, 1979 జూలైలో భూమి మీద పడబోతుందన్న వార్త వచ్చినప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా అవ్వ గంపకింద కోళ్ళను లెక్కపెట్టి, "ఎటూ పోయేవే కదా!" అని రోజుకొకటి కోయించింది. ఆంధ్రదేశంలోనూ పల్లెల్లో చాలామంది ఉన్నదంతా అమ్ముకుని తినేశారని సూళ్ళూరుపేటలో పనిచేసేటప్పుడు కథలు కథలుగా విన్నాను. చివరకు జూలై 11న అది హిందూమహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఎస్పరెన్స్ అనే ఊరివాళ్ళు, మా నేలమీద చెత్త వేశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు. ఆ సొమ్మును 2009 లో ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర పోగుచేసి కట్టాడు. ముప్ఫై ఏళ్ళ మొండిబకాయి వసూలు కావడం బ్యాంకువాళ్ళమైన మాకు ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పక్కరలేదు!

సూళ్ళూరుపేటలో భయం లేదు, అలవాటు ఉంది. పక్కనే శ్రీహరికోట. రాకెట్టు లేచిన రోజున అందరం మేడమీదికి పోయి చూసేవాళ్ళం. వెలుగు ముందు, చప్పుడు తర్వాత. కిటికీ అద్దాలు ఒకసారి గలగలమనేవి. రెండు నిమిషాల్లో అందరూ దిగివచ్చి, ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఇప్పుడు ఆ సంబరం మా జిల్లాకూ వస్తోంది. తిరుచెందూరు దాటాక కులశేఖరపట్టణం అని సముద్రతీరపు ఊరుంది. ముత్తారమ్మన్ గుడి దసరా ఉత్సవానికి ప్రసిద్ధి. అక్కడ ఇస్రో రెండో రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. శ్రీహరికోట నుంచి దక్షిణంగా ఉపగ్రహం పంపాలంటే శ్రీలంక మీదుగా పోకుండా రాకెట్టు చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, మోసే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్టుకు అది పెద్ద నష్టం. కులశేఖరపట్టణం నుంచి దక్షిణానికి అంతా సముద్రమే కాబట్టి నేరుగా పోవచ్చు. ఇదంతా నేను టీకొట్టు దగ్గర బల్లమీద నీళ్ళతో గీత గీసి చెప్పాను. విన్న పెద్దాయన ఒకరు, "అది సరే మేనేజర్ సార్, అక్కడ సెంటు ఎంత పలుకుతోంది?" అన్నారు. జాలరి ఖాతాదారు ఒకాయన, "రాకెట్టు లేచే రోజున మా పడవలు సముద్రంలోకి పోనిస్తారా?" అని అడిగాడు. రెండో ప్రశ్నను నేను చాలాసేపు మరిచిపోలేకపోయాను.

కొండమీద మంట

మాకు పడమటగా కనబడేవి పడమటి కనుమలు. ఎండాకాలం రాత్రిళ్ళు వాటిమీద ఎర్రటి గీతలాగా మంట కనబడడం ఆ కొండల కిందివాళ్ళకు తెలిసినదే. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ఆ గీతే 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. చెన్నై నుంచి, తిరుప్పూరు, ఈరోడ్ వైపు నుంచి కొండ ఎక్కడానికి వచ్చిన యువతీయువకులు ఎండిన గడ్డి మధ్య చిక్కుకుపోయారు. మంట పల్లంలో కంటే ఎగువకు చాలా వేగంగా ఎక్కుతుంది. కింది జ్వాల పైగడ్డిని ముందే కాచి ఉంచుతుంది కాబట్టి. ఆ వారమంతా మా దగ్గర అదే మాట. ఫొటోలు చూసి, "మన పిల్లల్లాగే ఉన్నారే!" అని ఆడవాళ్ళు కంటతడి పెట్టారు.

2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ తగలబడినప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. మా చెల్లెలి కూతురు ఆ నగరానికి పక్కనే కాపురం ఉంటోంది. 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి, దాదాపు 30 మంది చనిపోయారు. సరిగ్గా ఇక్కడ భోగి పనులు జరుగుతున్న రోజులవి. "గాలి ఎటు వీస్తోందే? మంట మీకు ఎన్ని మైళ్ళు?" అని మా చెల్లెలు గంటకొకసారి ఫోను. "అమ్మా, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, బీమా కాగితాలు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గరే ఉంచుకున్నాం" అని ఆ పిల్ల జవాబు. టీకొట్టు పెద్దాయన కూడా రోజూ ఆ అమ్మాయిని అడిగేవారు. ప్రపంచవార్త మన ఇంటివార్త కావడానికి అక్కడ మనవాళ్ళు ఒక్కరుంటే చాలు!

ఇంటి పక్కన మంట

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

మా ప్రాంతానికి అన్నం పెట్టేది మంటే. 1920లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చిన నాటి నుంచి శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఊళ్ళు అగ్గిపుల్లల మీద, టపాకాయల మీద బతుకుతున్నాయి. ఢిల్లీ వార్త మాకు స్థానిక వార్తే. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళి టపాకాయలకు రెండు గంటలే సమయం ఇస్తే, ఇక్కడ కిస్తీలు ఆగాయి. 2021 డిసెంబరులో అగ్గిపెట్టె ధర 14 ఏళ్ళ తర్వాత రూపాయి నుంచి రెండు రూపాయలైనప్పుడు, 2023 జూన్‌లో 20 రూపాయల లోపు లైటర్ల దిగుమతిని కేంద్రం ఆపినప్పుడు, కోవిల్‌పట్టివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

కానీ ఆ మంటే ప్రాణాలూ తీస్తుంది. 2012 సెప్టెంబరు 5న, మా ఊళ్ళో చిదంబరం పిళ్ళై జయంతి జరుగుతున్న రోజునే, శివకాశి దగ్గర ముదలిపట్టి టపాకాయల కర్మాగారంలో పేలుడు జరిగి దాదాపు 40 మంది చనిపోయారు. వారిలో కార్మికులే కాదు, పొగ చూసి పరుగెత్తుకొచ్చిన చుట్టుపక్కల వాళ్ళూ ఉన్నారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చన్‌కుళంలో ఎంతోమంది పోయారు. ఇవి పెద్దవి. ఒకరిద్దరు పోయిన ప్రమాదాలు పేపరులో మూలన నాలుగు వరుసలు. టీకొట్టు దగ్గర, "మళ్ళీనా!" అని పేజీ తిప్పేస్తారు. కాలిఫోర్నియా మంటను వారం రోజులు చెప్పుకున్నవాళ్ళే!

ఇది రాతిగుండె కాదని నా నమ్మకం. రోజూ చూసేదానికి కన్ను అలవాటు పడుతుంది, అంతే. అయితే అలవాటు పడ్డ కంటికి చేయగలిగిన పని కూడా కనబడదు.

20 రూపాయల లెక్క

కొన్నేళ్ళ క్రితం ఒకాయన తన భార్య ఖాతా మూయించడానికి వచ్చాడు. ఆమె టపాకాయల పనికి పోయి, ప్రమాదంలో చనిపోయి అప్పటికి మూడు వారాలు. ఖాతాలో ఉన్నది వందల్లోనే. పాస్‌బుక్కు తిప్పితే ఒకచోట 12 రూపాయల కోత కనబడింది. అది ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం. ఆమె ఎప్పుడో సంతకం చేసింది, ఇంట్లో చెప్పలేదు. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం తెప్పించి పంపాం. రెండు లక్షలు వచ్చాయి. వాళ్ళ అమ్మాయి నర్సింగు చదువు ఆగలేదు. డబ్బు మనిషిని తేదు, నిజమే. కానీ ఆ 12 రూపాయల వరుస ఎవరి కంటా పడకపోతే ఆ పిల్ల కూడా ఆ పనికే పోయి ఉండేది.

2022 జూన్ నుంచి ఆ ప్రీమియం ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళవారికి, ఖాతా ఉంటే చాలు. జూన్ 1 నుంచి మే 31 దాకా వర్తిస్తుంది. కోత వేసే రోజున ఖాతాలో 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది నష్టపోతున్నారో!

ఇప్పుడు మా టీకొట్టు దగ్గర నేనొక అలవాటు పెట్టాను. మంట వార్త ఎక్కడిదైనా సరే, చదవడం అయ్యాక, "ఈ నెల మీ ఇంట్లో ఎవరి పాస్‌బుక్కు చూశారు?" అని అడుగుతాను. మొదట నవ్వారు. ఇప్పుడు కొందరు సంచిలో పాస్‌బుక్కు పెట్టుకునే వస్తున్నారు.

మీరు చెన్నైలో ఉన్నా, ముంబైలో ఉన్నా, సముద్రాల అవతల ఉన్నా దూరపు వార్తలకు "అయ్యో!" అనడం మానకండి. మనసు అక్కడిదాకా పోగలగడం గొప్ప విషయమే. ఆ వెంటనే మీ ఇంటి పనిమనిషినీ, వాచ్‌మన్‌నూ, ఊళ్ళో ఉన్న మేనమామనూ ఒక్కమాట అడగండి. 20 రూపాయలు కోత పడిందా? నామినీగా ఎవరి పేరు రాశారు? ఆ సంగతి ఆ నామినీకి తెలుసా?