ఆగు బండి, సాగు బండి

వైరా ఊరికి రైలుమార్గము లేదు. అక్కడి జనులు బస్సులో ఖమ్మము చేరి రైలెక్కుదురు. ఖమ్మమునకు ఉత్తరముగా, కాజీపేట–విజయవాడ మార్గముమీదనే డోర్నకల్లు జంక్షను ఉన్నది. సింగరేణి బొగ్గును తెచ్చుటకై నిజాం కాలమున ఈ వైపు పట్టాలు పడినవి. ఇప్పుడు ఆ కూడలినుండి ఒక శాఖ భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోవును. పేరునుబట్టి మోసపోరాదు, ఆ స్టేషనున్నది కొత్తగూడెములో. రాముని గుడికి అక్కడినుండి ఇంకను సుమారు 40 కిలోమీటర్లు రోడ్డుమీద పోవలెను.

2023 జనవరిలో మొదలైన సికింద్రాబాదు–విశాఖపట్నం వందేభారత్ బండి ఖమ్మములో ఆగును, డోర్నకల్లులో ఆగదు. ఒక్క నిమిషమాగినచో ఏమి పోవునని శాఖమార్గపు ఊళ్లవారు అడుగుట సహజమే. కాని పోవునది ఒక్క నిమిషము కాదు.

గంటకు 130 కిలోమీటర్లనగా సెకండుకు 36 మీటర్లు. బండి తన వేగమును సెకండుసెకండుకు అర మీటరు చొప్పున తగ్గించుకొనుననుకొందము. పూర్తిగా నిలుచుటకు 72 సెకండ్లు పట్టును. ఈలోగా 1,300 మీటర్లు సాగును. ఆగకుండ పోయినచో ఆ దూరమునకు 36 సెకండ్లే చాలును. తిరిగి వేగమందుకొనునప్పుడును ఇంతే నష్టము. నిలిచిన నిమిషమును కలిపిన రెండు నిమిషములకు పైమాట. పది స్టేషన్లలో ఆగినచో ఇరువది రెండు నిమిషములు!

నిజమునకు 130 హైస్పీడు కాదు; కొత్తగా వేసిన మార్గముపై 250 కిలోమీటర్లు అందుకొన్న బండికే ఆ పేరు తగును. ఆగుటకు పట్టు దూరము వేగపు వర్గమునుబట్టి పెరుగును. గంటకు 300 కిలోమీటర్ల బండి, పై లెక్క ప్రకారమే, నిలుచుటకు దాదాపు 7 కిలోమీటర్లు సాగును.

అందుచేత పని పంచవలెను. 1964లో మొదలైన జపాను షింకాన్‌సెన్‌లో అన్ని స్టేషన్లలో ఆగు కొడామా బండి ప్రక్కపట్టాలపై నిలువగా, వడిగల బండి నడిమి పట్టాలమీదుగా దాటిపోవును. స్విట్జర్లాండు 1982లో దేశమంతట గంటగంటకు అదే నిమిషమున బండ్లు కదలు పద్ధతిని పెట్టినది. అక్కడి పెద్ద కూడళ్లలో నలుదిక్కుల బండ్లు ఇంచుమించు ఒకేసారి వచ్చి, మార్పిడి కాగానే వెడలిపోవును.

వేగముకంటె ఈ పొందికయే కష్టమైనది. కొత్తగూడెమునుండి వచ్చు బండి, డోర్నకల్లులో ఆగు ఎక్స్‌ప్రెస్సు కదలిన అయిదు నిమిషములకు చేరినచో, ప్రయాణికుడు గంటలకొలది బెంచీమీద కూర్చుండును. వైరానుండి ఖమ్మము వచ్చు బస్సును ఈ లెక్కలోనిదే. ప్లాట్‌ఫారము సంగతి కూడ ఉన్నది. మూటలతో వంతెనయెక్కి దిగుటకు ముదుసలికి పది నిమిషములు పట్టవచ్చును. శాఖబండిని, ఎక్స్‌ప్రెస్సు ఆగు ప్లాట్‌ఫారమునకే రెండవ ప్రక్కన నిలిపినచో నాలుగడుగులు వేసిన చాలును.